చీటీ అడిగితే తప్పేంటి?

ముందే చెప్పేస్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఈ వ్యాసం ముందు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ చేసి, తర్వాత కూర్చుని దిద్దుకున్నాను. ఒత్తులు ఎక్కడైనా తప్పితే క్షమించండి. విషయం మాత్రం చివరిదాకా చదవండి. ఎందుకంటే ఇవాళ మా ఇంట్లో జరిగింది రేపు మీ ఇంట్లోనూ జరగొచ్చు.

విషయం ఒక ఉంగరం. మా అక్క నిశ్చితార్థం ఉంగరం.

మాది గొలుగొండ. హాస్టల్లో ఎవరైనా "అదెక్కడే?" అంటే, అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట మా మండలమే అని చెప్తాను, అప్పుడు అర్థమవుతుంది. ఊళ్ళో నాన్నకి ఎరువుల షాపు ఉంది. బంగారం కొనాలన్నా, చేయించాలన్నా మా ఊరి వాళ్ళు ఎక్కువగా నర్సీపట్నం వెళ్తారు. మేమూ అంతే.

మాఘమాసంలో అక్క నిశ్చితార్థం అయింది. బావ వాళ్ళు పెట్టిన ఉంగరం చాలా బాగుంది, మధ్యలో చిన్న తెల్ల రాయి. కానీ కొలత సరిపోలేదు. అక్క చెయ్యి కిందికి దించితే జారిపోయేలా ఉంది. మామ్మ "దారం చుట్టుకోవే, మేమందరం అలాగే వేసుకున్నాం" అంది. అక్క వినలేదు. నాన్న ఆ ఉంగరం తీసుకెళ్ళి, ఇరవై ఏళ్ళుగా తెలిసిన షాపులో ఇచ్చి "కొంచెం బిగించండి" అన్నారు. షాపాయన "ఎల్లుండి రండన్నయ్యా" అన్నారు. అంతే. తూకం వేయలేదు, చీటీ రాయలేదు.

ఎల్లుండి కాస్తా ఐదు రోజులైంది. ఉంగరం తళతళలాడుతూ వచ్చింది. సరిగ్గా పట్టింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. పది రోజులకి అడుగున నల్లగా ఒక గీత కనపడింది. గోరు పెడితే తగులుతోంది. తర్వాత రాయి కదలడం మొదలైంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే టిక్ టిక్ అంటోంది. అప్పుడు నేను ఫోన్ కెమెరా జూమ్ చేసి లోపలి వైపు చూశాను. అక్కడ అసలు దెబ్బ కనిపించింది. హాల్‌మార్క్ దగ్గర ఉండాల్సిన ఆరు అక్షరాల కోడ్‌లో నాలుగే ఉన్నాయి. ఐదోది సగం. ఆరోది లేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ కోడ్ ఏంటో చెప్తాను. మా క్లాసులో అడిగితే సగం మందికి తెలీదు. మన దేశంలో బంగారు నగలకి హాల్‌మార్కింగ్ 2000లోనే మొదలైంది కానీ అప్పట్లో ఇష్టమైతేనే. 2021 జూన్ 16 నుంచి ఒక్కో జిల్లాగా తప్పనిసరి చేస్తూ వచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నిబంధన కిందికొచ్చే నగ ఏదైనా ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేకుండా షాపులో అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులుంటాయి: బీఐఎస్ త్రికోణం, స్వచ్ఛత (22 క్యారెట్లయితే 916), ఈ కోడ్. బీఐఎస్ కేర్ యాప్‌లో కోడ్ కొడితే అది ఏ రకం నగ, ఎంత స్వచ్ఛత, ఎక్కడ పరీక్ష చేశారు అనేవి వస్తాయి. అంటే ప్రతి నగకీ ఒక ఆధార్ నంబర్ అన్నమాట. ఏ రెండు నగలకీ ఒకే నంబర్ ఉండదు.

మా అక్క ఉంగరం ఆధార్ కార్డుని మధ్యలో కత్తిరించేశారు.

ఎలా జరిగిందంటే, ఉంగరం చిన్నది చేయాలంటే అడుగున కోసి, ఒక ముక్క తీసేసి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి టంకం పెడతారు. టంకం ఉంగరం కంటే తక్కువ వేడికి కరగాలి, లేకపోతే అతుకుతోపాటు ఉంగరమే కరిగిపోతుంది. స్వచ్ఛమైన బంగారం కరిగేది 1064 డిగ్రీల దగ్గర. అందుకని టంకంలో వేరే లోహాలు కలుపుతారు. ఒకప్పుడు కాడ్మియం కలిపేవాళ్ళు, "కేడీయం నగ" అని అమ్మ వాళ్ళు అనేది దాన్నే. ఆ పొగ పీలిస్తే పనివాళ్ళ ఊపిరితిత్తులు పాడవుతాయని తర్వాత వద్దన్నారు. టంకం సరైనది కాకపోయినా, వెలిగారం సరిగ్గా పెట్టకపోయినా, వేడి చాలకపోయినా అతుకు దగ్గర రంగు తేడా వస్తుంది, గీత పడుతుంది. మాకు వచ్చింది అదే. పైగా కోసే చోటు ముందుగా చూసుకోకుండా కోడ్ మీదే రంపం పెట్టేశారు.

సరే, ఉంగరం పాడైంది. తర్వాత మా ఇంట్లో జరిగింది చూస్తే నాకు ఉంగరం కంటే మనుషులే ఎక్కువ ఆశ్చర్యం.

మామ్మ ముందు "ఇదేం శకునమే" అంది. అమ్మ తలుపు వేసి "ఈ మాట బైటికి పోకూడదు, మగపెళ్ళివారికి తెలిస్తే ఏమనుకుంటారు" అంది. అక్క చెయ్యి చున్నీలో దాచుకుని వీడియో కాల్ మాట్లాడ్డం మొదలెట్టింది. పెళ్ళి వైశాఖంలో. అంటే రెండు నెలలు ఆ చెయ్యి అలాగే దాచాలి! తప్పు చేసింది ఎవరో, దాక్కుంటోంది మేము.

మా ఊళ్ళోనే కంసాలి పని చేసే ఆచారి గారున్నారు. చిన్నప్పుడు నాకు చెవులు కుట్టింది ఆయనే. నాన్నా నేనూ ఉంగరం పట్టుకెళ్తే, కంటికి అద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టారు. 3.840 గ్రాములు.

"ముందెంత ఉండేది బాబూ?" అని అడిగారు నాన్నని.

నాన్న దగ్గర జవాబు లేదు.

మళ్ళీ షాపుకి వెళ్ళాం. షాపాయన కోప్పడలేదు, అరవలేదు. నవ్వుతూ "పది రోజులు వాడేరు కదన్నయ్యా, పాప ఎక్కడో కొట్టుకునుంటాది. మా దగ్గర్నుంచి వెళ్ళినప్పుడు బాగానే ఉంది కదా" అన్నారు. నేను కోడ్ సంగతి అడిగాను. "అది అరిగిపోతాదమ్మా, చదువుకున్నదానివి నీకు తెలీదా" అన్నారు. కావాలంటే పాతది తీసుకుని కొత్త ఉంగరం ఇస్తానన్నారు, తరుగు, మజూరీ మామూలే. అంటే ఆయన పాడు చేసిన ఉంగరానికి మేం మళ్ళీ డబ్బులు కట్టాలి.

నాకు ఒళ్ళు మండింది. అక్కడే ఫోన్ తీసి 1915కి కొడదామనుకున్నా. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నాన్న నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. "ఇరవై ఏళ్ళ పరిచయమే. మీ అమ్మ పుస్తెలు కూడా ఇక్కడివే. గొడవ పెట్టుకుంటామా?"

బస్టాండుకి నడుస్తూ నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "నాన్నా, మన షాపులో రైతు యూరియా బస్తా అరువు పట్టుకెళ్తే ఖాతా పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంటావు కదా. వాళ్ళూ నీకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. వాళ్ళని నమ్మకా?"

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నమ్మకం లేక కాదమ్మా. రాసుకోకపోతే ఇద్దరం మర్చిపోతాం. మర్చిపోయాక గొడవలొస్తాయి. గొడవ రాకూడదనే రాస్తాం" అన్నారు.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఇదే. నాకంటే నాన్నే బాగా చెప్పేశారు.

మనవాళ్ళలో ఒక వింత మర్యాద ఉంది. తెలిసినవాళ్ళ దగ్గర కాయితం అడిగితే అవమానించినట్టు. ఐదు వందల చెప్పులకి బిల్లు అడుగుతాం, రెండు వందల బిర్యానీకి ఓటీపీ చెప్తాం. పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటిన రోజుల్లో ఉంగరాన్ని మాత్రం మడిచిన కాయితంలో పెట్టి, తూకం కూడా చూడకుండా ఇచ్చేస్తాం. కొనేటప్పుడు మిల్లీగ్రాములు లెక్కపెట్టే మనం రిపేరుకి ఇచ్చేటప్పుడు అసలు లెక్కే పెట్టం. మా కంప్యూటర్ సైన్స్ భాషలో చెప్పాలంటే, లాగ్ లేని సిస్టమ్ అది. అందులో ఏదైనా తప్పు జరిగితే ఎవరు చేశారో తేలదు, కాబట్టి అందరి మీదా అనుమానమే.

ఆ అనుమానం ఎవరి మీద పడుతుందో కూడా చూడండి. కంసాలి మీద. మన తెలుగులో కంసాలి పని మీద ఎన్ని సామెతలున్నాయో! ఒక్కటీ నేనిక్కడ రాయను. అన్నీ ఒకటే అంటాయి, వాడు తీసేస్తాడని. మా ఇంట్లో కూడా ఆ రోజు రాత్రి ఒకరు ఆ సామెత అన్నారు, అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఎందుకో చెప్తాను.

ముందు బిల్లు సంగతి. బిల్లు బావ వాళ్ళ దగ్గరుంది. అడిగితే అంతా బైటపడుతుందని అమ్మ భయం. మూడు రోజులు ఇంట్లో ఇదే చర్చ. నాలుగో రోజు అక్క ఎవరికీ చెప్పకుండా మేడ మీదకి వెళ్ళి బావకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. రెండు నిమిషాల్లో వాట్సాప్‌లో బిల్లు ఫోటో వచ్చింది. కింద ఒక మెసేజ్: "ఇంతేనా? నీ గొంతు విని ఇంకేదో అనుకుని భయపడ్డాను." శకునం లేదు, ఏమీ లేదు. శకుంతల ఉంగరం పోగొట్టుకుంటే దుష్యంతుడు మనిషినే మర్చిపోయాడు. మా బావకి ఉంగరం సగం కోడ్‌తో ఉన్నా మనిషి గుర్తుంది. అది చాలు అంది అక్క.

బిల్లులో బరువు 4.210 గ్రాములు, రాయితో కలిపి. ఇప్పుడు 3.840. తేడా 370 మిల్లీగ్రాములు.

ఆచారి గారు లెక్క చెప్పారు. కొలత మూడు నంబర్లు తగ్గించారు కాబట్టి సుమారు మూడు మిల్లీమీటర్ల ముక్క కోసుంటారు. ఈ ఉంగరం మందానికి ఆ ముక్క రెండు వందల మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. గ్రాము పది వేలనుకున్నా రెండు వేల రూపాయలు. ఆ ముక్క మనదే, మనకి తిరిగివ్వాలి. ఈ సంగతి మాలో ఎవరికీ తెలీదు! "ఆకురాయికి కొంత పోద్ది, మెరుగులో కొంత పోద్ది. ఇంత పోదు. అలాగని తీసేడని నేననను. నేను సూడలేదు కదమ్మా" అన్నారు. సామెత చెప్పి తలూపిన మా ఇంట్లో ఒక్కరికి కూడా ఈ పాటి న్యాయం తట్టలేదు.

ఈసారి బిల్లుతో అక్క కూడా వచ్చింది. షాపాయన బిల్లు చూసి, లోపలికి కేకేసి పని చేసిన కుర్రాణ్ణి పిలిచారు. నా కంటే రెండు మూడేళ్ళు పెద్దవాడేమో. వేళ్ళ కొసలు నల్లగా కాలిపోయి ఉన్నాయి. అతను షాపు మనిషి కాదట. వెనక సందులో కూర్చుని నాలుగైదు షాపుల రిపేర్లు చేస్తాడు. ఒక్కోదానికి ఇంతని ఇస్తారు. "పొద్దున్న ఇచ్చి సాయంత్రానికల్లా కావాలన్నారు. కోడ్ ఉందని చూడలేదక్కా, నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. కోసిన ముక్క షాపుకి ఇచ్చేశానన్నాడు.

షాపాయన సొరుగు లాగారు. దాని నిండా చిన్న చిన్న కాయితం పొట్లాలు. ఒక్కదాని మీదా పేరు లేదు, తారీఖు లేదు. ఏది ఎవరిదో ఆయనకీ తెలీదు. ఆయన మోసం చేశారని నేను రాయలేను, చేయలేదని కూడా రాయలేను. ఆ సొరుగు ముందు నిలబడితే ఆయనకే తెలీదనిపించింది. నాలుగు పొట్లాలు విప్పి చివరికి ఒకటి "ఇదే అయ్యుంటాది" అని ఇచ్చారు. తూచితే 190 మిల్లీగ్రాములు. మిగతా 180 ఏమైందో ఎప్పటికీ తేలదు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో దొంగ ఎవరు? సామెత ప్రకారం ఆ కాలిన వేళ్ళ కుర్రాడు. కానీ అతని చేతికి ఉంగరంతో పాటు ఒక్క ముక్క సమాచారం కూడా రాలేదు. కోడ్ ఎక్కడుందో, బరువెంతో, రాయి ఏమిటో ఎవరూ రాసివ్వలేదు. చీటీ లేకపోతే మొదట నష్టపోయేది కొనేవాళ్ళం, తర్వాత పనివాడు. చీటీ ఉంటే అతను కూడా "నాకిచ్చినప్పుడు ఇంతే ఉంది" అని ధైర్యంగా చెప్పగలడు.

కంసాలి వాళ్ళ కష్టం ఇవాళ్టిది కాదు. 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చి 14 క్యారెట్లకి మించిన కొత్త నగలు చేయకూడదన్నారు. మన దేశంలో 22 క్యారెట్ల నగలే అడుగుతారు కాబట్టి స్వర్ణకారుల కుంపట్లు ఆరిపోయాయి, ఎన్నో కుటుంబాలు రోడ్డున పడ్డాయి. 1968లో అది ఏకంగా చట్టమైంది, 1990లో గానీ రద్దవలేదు. ఆ తర్వాత మిషన్ నగలు, పెద్ద షోరూములు వచ్చాయి. ఇవాళ ఊళ్ళో కంసాలికి చాలావరకు మిగిలింది రిపేరు పనే. కొత్త ఉంగరం పోత పోసే కంటే రాయి ఉన్న ఉంగరాన్ని, కోడ్ పోకుండా, రాయి పగలకుండా అతకడం కష్టమైన పని. ఆ పనికే అతి తక్కువ డబ్బులు, అతి తక్కువ టైమ్ ఇస్తున్నాం. తర్వాత సామెతలు చెప్తున్నాం.

"ఇవన్నీ సరే, చట్టం ఉంది కదా, కేసు వేయొచ్చు కదా" అని మా రూమ్మేట్ అంది. ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. చెడగొట్టిన రిపేరు "సేవలో లోపం" కిందికి వస్తుంది. రెండేళ్ళ లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, మనం ఉండే చోటే చేయొచ్చు. ఐదు లక్షల లోపు విలువైతే ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు. స్వచ్ఛత మీద అనుమానముంటే మామూలు జనం కూడా గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ సెంటర్‌లో చిన్న రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. హాల్‌మార్క్ చెప్పిన దానికంటే స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తేడా విలువకి రెండింతలూ, పరీక్ష ఖర్చూ అమ్మినవాళ్ళు ఇవ్వాలి. ఇవన్నీ మంచివే. కానీ కమిషన్ ముందు నిలబడినా మొదటి ప్రశ్న ఆచారి గారు అడిగిందే. ముందెంత ఉండేది బాబూ? ఆ షాపుకి ఇచ్చినట్టు ఆధారమేది? చట్టం మన పక్కన నిలబడాలన్నా దాని చేతికి ఒక చీటీ ముక్క ఇవ్వాలి.

అందుకే నేను అడిగేది పెద్ద విప్లవం కాదు. నగ రిపేరుకి ఇచ్చే ముందు ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీయండి, లోపలి కోడ్ కనపడేలా. ఎదురుగా తూకం వేయించండి. చీటీ మీద తారీఖు, బరువు, రాళ్ళ లెక్క, చేయాల్సిన పని రాయించి, అదీ ఫోటో తీయండి. హాల్‌మార్క్ ఉన్న చోట కోయొద్దని చెప్పండి. కోసిన ముక్క తిరిగివ్వమనండి. వదులు కొంచెమే అయితే అసలు కోయకుండా లోపల రెండు చిన్న గుండ్లు పెట్టి బిగించొచ్చట, అది కుదురుతుందా అని అడగండి. తీసుకునేటప్పుడు మళ్ళీ తూచి, అతుకు చూసి, ఊపి, అప్పుడు డబ్బులివ్వండి. మొత్తం కలిపి ఐదు నిమిషాలు. మనం ఒక రీల్ చూసి ఇంకో రీల్‌కి వెళ్ళే లోపు అయిపోతుంది.

పెద్దవాళ్ళు అడగరు. వాళ్ళకి మొహమాటం. అడగాల్సింది మనమే. కోపంతో కాదు, నేను మొదటిరోజు అడిగినట్టు అస్సలు కాదు. నేను గొంతు పెంచితే షాపాయన నవ్వేసి ఊరుకున్నారు. రెండోసారి అక్క మెల్లగా బిల్లు టేబుల్ మీద పెడితే సొరుగు తెరుచుకుంది.

చివరికి ఏమైందంటే, ఆ కుర్రాడే మా ఎదురుగా అతుకు విప్పి మళ్ళీ పెట్టాడు. ఈసారి గీత లేదు. రాయి కూడా బిగించాడు. షాపాయన డబ్బులు తీసుకోలేదు. అక్క అతని చేతిలో వంద రూపాయలు పెట్టబోతే ముందు వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. సగం కోడ్ మాత్రం అలాగే ఉంది. ఎప్పుడైనా మార్చుకోవాలంటే మళ్ళీ పరీక్ష చేయించాల్సిందే. "నేను దీన్ని మారుస్తానా ఏంటి" అంటుంది అక్క. బిల్లు మాత్రం జాగ్రత్తగా దాచింది.

పోయిన వారం అమ్మ గాజు ఒకటి వంకర పోతే నాన్న అదే షాపుకి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. షాపాయన అలవాటుగా "ఎల్లుండి రండన్నయ్యా" అన్నారు. నాన్న కదల్లేదు. జేబులోంచి పెన్ను తీసి ఆయన ముందు పెట్టి అన్నారు.

"బరువు వేసి ఒక చీటీ రాసియ్యి తమ్ముడూ. నీ మీద నమ్మకం లేక కాదు. ఇద్దరం మర్చిపోతాం."

షాపాయన ఒక్క క్షణం నాన్న వైపు చూసి, పెన్ను అందుకున్నారు.